హోమ్ లోన్ ఏజెంట్ చేసిన పనికి బ్యాంకు జవాబు చెప్పదా?

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | 2025 ఆగస్టు 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బస్సు డిపోలో మెకానిక్‌ను. ఈ మార్చిలో రుద్రంపేట బైపాస్ అవతల ఒక పాత ఇల్లు కొన్నాం. 24 లక్షల లోను. ఏజెంటే డిపో దగ్గరికి వచ్చి కాగితాలన్నీ తీసుకుపోయినాడు. మెడలో బ్యాంకు పేరున్న ట్యాగు, చేతిలో బ్యాంకు ఫారాలు. "అన్నా, నీకు రూపాయి ఖర్చు లేదు, మా కమీషన్ బ్యాంకే ఇస్తుంది, 8.5 వడ్డీకి ఇప్పిస్తా" అన్నాడు.

తర్వాత లీగల్ ఒపీనియన్‌కని, ఫైలు కదలాలని చెప్పి 25 వేలు అడిగినాడు. 10 వేలు ఫోన్‌పేలో పంపినా, 15 వేలు చేతికిచ్చినా. శాంక్షన్ లెటర్‌లో వడ్డీ 8.95 అని వచ్చింది. అడిగితే "ఆరు నెలల్లో తగ్గిస్తారులే" అన్నాడు.

అసలు సంగతి పోయిన వారం బయటపడింది. పన్ను లెక్క కోసం లోన్ స్టేట్‌మెంట్ తీయించినాను. ఒకే రోజు రెండు ఎంట్రీలు. ఇల్లు అమ్మినాయనకు 24,00,000. దాని కింద గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 1,14,500. అది కూడా లోనులోనే కలిపేసినారు. దాని మీదే నెలకు 1,026 రూపాయలు ఈఎంఐ పడుతోంది. 20 ఏళ్లకు లెక్కేస్తే రెండు లక్షల 46 వేలు దాటుతుంది. పాలసీ కాగితం ఈ రోజు వరకు నా కంటికి కనపడలేదు.

బ్రాంచికి పోతే "అతను మా స్టాఫ్ కాదు, మీరే సంతకం పెట్టినారు, ఓటీపీ కూడా మీరే చెప్పినారు" అన్నారు. ఏజెంట్ ఫోన్ ఎత్తడు. ఇలాంటి ఫిర్యాదులు ఎవరు, ఏం చూసి తేలుస్తారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు.

బురుజు_పక్కిల్లు | కర్నూలు | ఆగస్టు 11, రాత్రి 10:15

అన్నా, బ్యాంకు చుట్టూ తిరగొద్దు. రేపే కన్స్యూమర్ కోర్టులో కేసు వెయ్యి. ఏజెంట్‌ను పంపింది వాళ్లు, లాభం తిన్నది వాళ్లు, అడిగితే మా మనిషి కాదంటారా? నోటీసు పోతే వాళ్లే దిగి వస్తారు.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ | కడప | ఆగస్టు 12, ఉదయం 6:30

మెకానిక్ గారూ, తొందరపడకండి. నేను 31 ఏళ్లు లోన్ ఫైళ్లే చూశాను. మీ బాధ ఒకటే అయినా అందులో మూడు ముళ్లున్నాయి. మూడూ ఒకే కాగితం మీద ఒకే కోపంతో రాస్తే బలమైనది కూడా బలహీనమైపోతుంది.

మొదటిది వడ్డీ. 8.5 అన్నది నోటిమాట. 8.95 అన్నది మీరు సంతకం పెట్టిన లెటర్‌లో అచ్చయిన అంకె. ఎవరికి ఎంత వడ్డీకి ఇవ్వాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం. బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దాంట్లో వేలు పెట్టడు. ఏజెంట్ వాట్సాప్‌లో 8.5 అని రాసి ఉంటే తప్ప దీన్ని వదిలేయండి. చేదుగా ఉంటుంది కానీ నిజం ఇది.

రెండోది ఇన్సూరెన్స్. మీ ఫైలులో గట్టి పాయింటు ఇదే.

మూడోది 25 వేలు. దీని సంగతి వేరు, తర్వాత చెప్తాను.

ఇక "మా స్టాఫ్ కాదు" అన్న మాట. స్టాఫ్ కాకపోవచ్చు. అడగాల్సింది అది కాదు, అతను బ్యాంకు నియమించుకున్న డీఎస్ఏ, అంటే డైరెక్ట్ సేల్స్ ఏజెంట్, అవునా కాదా అని. రిజర్వ్ బ్యాంకు 2006 నవంబరు 3న ఔట్‌సోర్సింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పని బయటివాళ్లకు అప్పగించినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తగ్గదని, డైరెక్ట్ సేల్స్ ఏజెంట్లు, రికవరీ ఏజెంట్లు చేసే పనులకు బ్యాంకే బాధ్యత వహించాలని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి అతను ఎవరి మనిషో కాగితంతో తేలాలి.

మీరు ఈ వారం ఒక్క పని చేయండి. బ్రాంచికి పోయి అప్లికేషన్ ఫారం, శాంక్షన్ లెటర్, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోను వడ్డీ, ఛార్జీలన్నీ ఒకచోట చూపే కాగితం), ఇన్సూరెన్స్ ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం పెట్టిన దరఖాస్తు), ఈ నాలుగింటి కాపీలు రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే రేపు రా అంటారు. మీ అర్జీ రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. అప్లికేషన్ మొదటి పేజీలో పైనో కిందో సోర్సింగ్ అని, ఫైలు ఎవరి ద్వారా వచ్చిందో చెప్పే ఒక గడి ఉంటుంది. దాంట్లో ఏం రాసిందో చూసి ఇక్కడ చెప్పండి.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | ఆగస్టు 16, సాయంత్రం 7:05

సార్, మీరు చెప్పినట్టే అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నా. కాపీలు ఇచ్చినారు. ఇంటికొచ్చి నేనూ మా ఆవిడా కింద కూర్చుని ఒక్కొక్క పేజీ చూసినాం.

అప్లికేషన్ మొదటి పేజీలో కుడిపక్క పైన చిన్న గడి. "సోర్సింగ్ ఛానల్: డీఎస్ఏ" అని టైపు చేసి, పక్కన పేనాతో ఆరు అంకెల కోడ్. కింద ఏజెంట్ పొడి సంతకం.

కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ప్రాసెసింగ్ ఫీజు ఉంది, వాల్యుయేషన్ ఛార్జీ ఉంది. ఇన్సూరెన్స్ అన్న వరుసలో సున్నా ఉంది సార్. సున్నా! లోన్ మొత్తం 24,00,000 అనే ఉంది.

ప్రపోజల్ ఫారం చూసి మాత్రం నా చేతులు వణికినాయి. పేరు నాది, పుట్టినరోజు నాది. ఈమెయిల్ నాది కాదు, ఎవరిదో. ఫోన్ నంబరు మాత్రం నాదే. ఆరోగ్యం ప్రశ్నల్లో "బీపీ, షుగర్ ఉన్నాయా" అన్నచోట లేదు అని టిక్కు పెట్టినారు. నేను ఐదేళ్లుగా బీపీ మాత్రలు మింగుతున్నా. అది నన్నెవరూ అడగలేదు. ఆ రోజు డిపోలో ఇంజన్ కింద ఉన్నప్పుడు ఫోన్ చేసి "అన్నా, ఓటీపీ వచ్చింది చెప్పు, లోన్ కన్ఫర్మేషన్‌ది" అన్నాడు. ఒకటి కాదు, మూడు చెప్పినా. మెసేజీలు ఇంకా ఫోన్‌లో ఉన్నాయి.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ | కడప | ఆగస్టు 16, రాత్రి 8:20

ఆ మూడు మెసేజీలు డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కు కూడా పంపుకోండి. ఓటీపీ మెసేజీలో ఏ పనికోసమో రాసి ఉంటుంది. ఇన్సూరెన్స్ అన్న మాట అందులో లేకపోతే మీ సమ్మతి ఇన్సూరెన్స్‌కు ఇచ్చినట్టు వాళ్లు నిరూపించడం కష్టం.

సున్నా ఉన్న ఆ పేజీ మీకు బంగారం. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 15న సర్క్యులర్ ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన ప్రతి రిటైల్ టర్మ్ లోనుకూ (ఇంటి లోను లాంటివాటికి) కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అది రుణం తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇన్సూరెన్స్, లీగల్ లాంటి బయటి ఛార్జీలు కూడా అందులో చూపి ఏడాది మొత్తం ఖర్చు శాతంలో కలపాలి. ఆ పేజీలో లేని ఏ ఛార్జీనీ రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా లోను నడిచినంత కాలం ఎప్పుడూ వసూలు చేయకూడదు. మీ లోను మార్చిది, ఈ నియమం మీకు పూర్తిగా వర్తిస్తుంది. ఇక్కడ ఏజెంట్ ఏం చెప్పాడన్న గొడవే లేదు. ప్రీమియం డబ్బు బ్యాంకు ఖాతా నుంచి పోయింది. ఆ తప్పు నేరుగా బ్యాంకుది.

ఆరోగ్యం టిక్కు సంగతి మీ ఆవిడకు వివరంగా చెప్పండి. రేపు మీకేమన్నా అయితే బీపీ దాచారని ఆ కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టవచ్చు. లక్షకు పైగా కట్టి, ఆ ఇంటికి రక్షణ ఉందనుకుని బతికేవాళ్లు. ఇది రాస్తుంటే నాకే బాధగా ఉంది. మా కాలంలో ప్రపోజల్ ఫారం కస్టమర్ ముందు కూర్చుని చదివి వినిపించేవాళ్లం.

దేవునికడప_అక్క | కడప | ఆగస్టు 17, మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, ఆ 25 వేల గురించి నా అనుభవం చెప్తాను. నువ్వు ఆశపడి దెబ్బతినకూడదు.

మేము ఎర్రముక్కపల్లెలో స్థలం కొన్నప్పుడు ఒక ఏజెంట్ 2 లక్షలు అడిగాడు. మార్జిన్ మనీ, అంటే లోను పోను మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా, బ్యాంకులో తనే కడతానన్నాడు. మా ఆయన క్యాష్ ఇచ్చేశాడు. రసీదు లేదు. అతను కట్టలేదు. మేము జిల్లా కమిషన్‌కు, అంటే కన్స్యూమర్ కోర్టుకు పోయాం. బ్యాంకు వాళ్ల వాదన ఒకటే. "డబ్బు మా కౌంటర్‌కు రాలేదు, మా రసీదు లేదు, మార్జిన్ మనీ వసూలు చేసే అధికారం అతనికి మేమివ్వలేదు, కస్టమర్ అతన్ని నమ్మి సొంతంగా ఇచ్చారు." కమిషన్ బ్యాంకు మీద కేసు కొట్టేసింది. ఏజెంట్ మీద మాత్రం మాకు అనుకూలంగా ఆర్డర్ వచ్చింది. ఆర్డర్ చేతికొచ్చింది కానీ అతను ఊరే మార్చేశాడు.

ఆర్డర్ అమలు చేయకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ ఉంటాయని మా వకీలు చెప్పారు. ఆ పిటిషన్ వేశాకే అతను దిగివచ్చి విడతలవారీగా ఇచ్చాడు. ఇంకా 60 వేలు రావాలి. క్యాష్ ఇచ్చిన ఆ ఒక్క సాయంత్రం మమ్మల్ని మూడేళ్లు తిప్పింది.

వకీలు_సి_క్యాంప్ | కర్నూలు | ఆగస్టు 17, రాత్రి 9:00

అక్క చెప్పిన తీర్పు వెనక పాత సూత్రం ఉంది. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 238వ సెక్షన్ ప్రకారం ఏజెంట్ తన యజమాని పనిలో ఉంటూ చెప్పిన అబద్ధం, చేసిన మోసం యజమానే చేసినట్టు లెక్క. తనకు అధికారం లేని విషయంలో చేస్తే యజమానికి అంటదు. 237వ సెక్షన్ ఇంకో మాట చెప్తుంది. అతనికి అధికారం ఉందని జనం నమ్మేలా యజమానే తన మాటతోనో నడతతోనో చేస్తే తప్పించుకోలేడు. ఈ రెండు సెక్షన్ల మధ్యే ఇలాంటి కేసులన్నీ నడుస్తాయి.

1978లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, శ్యామాదేవి కేసులో సుప్రీంకోర్టు బ్యాంకుకు బాధ్యత లేదంది. అక్కడ ఖాతాదారు తరఫున డబ్బును బ్యాంకులో పనిచేసే తెలిసినాయన చేతిలో పెట్టారు. అతను తీసుకున్నది స్నేహితుడిగా, బ్యాంకు ఉద్యోగిగా తన పనిలో భాగంగా కాదు అని తేల్చింది. 2022 ఫిబ్రవరిలో కిసాన్ వికాస్ పత్రాల కేసులో అదే కోర్టు పోస్టాఫీసును బాధ్యురాలిని చేసింది. అక్కడ మోసం తపాలా ఉద్యోగి విధుల్లో ఉండి, పోస్టాఫీసు పనిలోనే జరిగింది. సంస్థ తన మనుషుల ద్వారానే పనిచేస్తుంది కనుక వాళ్ల మోసానికి జవాబు చెప్పాలంది.

ఈ రెండిటినీ మెకానిక్ అన్న ఫైలు మీద పెట్టి చూడండి. అప్లికేషన్ నింపడం, ఓటీపీ తీసుకోవడం, ప్రపోజల్ పెట్టించడం బ్యాంకు పని. ఆ మోసం బ్యాంకుకు అంటుతుంది. ఫైలు కదలాలని చేతిలో పెట్టించుకున్న 15 వేలు అంటకపోవచ్చు. ఫోన్‌పే చేసిన 10 వేలు మధ్యస్థం. ఎవరి ఖాతాకు పోయిందో చూడాలి. డీఎస్ఏ సంస్థ ఖాతాకు పోతే ఒక లెక్క, అతని భార్య పేరున పోతే ఇంకో లెక్క.

బురుజు తమ్ముడు రేపే కోర్టుకు పొమ్మన్నాడు. ఆవేశం అర్థమవుతుంది కానీ వరుస ముఖ్యం. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోడు. అంబుడ్స్‌మన్ దగ్గర పని కాకపోతే కమిషన్ తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. కాబట్టి ఖర్చులేనిది, కాగితం చూసి తేల్చేది ముందు. కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంది. ప్రీమియం మార్చి 2025లో కోశారు, కంగారు లేదు.

బురుజు_పక్కిల్లు | కర్నూలు | ఆగస్టు 17, రాత్రి 9:25

సరే సార్, నాకు ఆ వరుస తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క ప్రశ్న. అనంతపురం ఆయన కేసు బ్యాంకు హెడ్డాఫీసు ఉన్న ముంబైలో వేయాలా?

వకీలు_సి_క్యాంప్ | కర్నూలు | ఆగస్టు 17, రాత్రి 9:40

అవసరం లేదు. 2020 జూలై 20 నుంచి అమల్లోకొచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019తో వచ్చిన పెద్ద మేలు అదే. ఫిర్యాదుదారు ఎక్కడ ఉంటే, ఎక్కడ పనిచేస్తే అక్కడి కమిషన్‌లోనే వేయొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. ఒక జాగ్రత్త. అగ్రిమెంట్‌లోని షరతే అన్యాయమైనదని, దాన్ని కొట్టేయమని అడిగితే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అందుకే అర్జీలో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటలకే కట్టుబడాలి.

సెవెన్‌రోడ్స్_టు_లీడ్స్ | ఇంగ్లండ్ | ఆగస్టు 18, తెల్లవారుజామున 3:30

నేను కడపవాణ్ని, ఇక్కడ ఒక మార్టిగేజ్ ఆఫీసులో ఫైళ్లు చూస్తాను. ఇక్కడ ఇంటి లోను ఎక్కువగా బ్రోకర్ ద్వారానే వెళ్తుంది. మీ ప్రశ్నే ఇక్కడా వస్తుంది, సమాధానం మాత్రం తిరగబడుతుంది.

ఇక్కడ ఇండిపెండెంట్ బ్రోకర్ కస్టమర్ మనిషి. బ్యాంకు మనిషి కాదు. అతను తప్పు సలహా ఇస్తే ఫిర్యాదు అతని సంస్థ మీదే, లోనిచ్చిన బ్యాంకు మీద కాదు. అలా వదిలేయడం కుదరాలంటే ఆ బ్రోకర్‌కు లైసెన్సు, జవాబుదారీ ఉండాలి కదా. 2004 అక్టోబరు 31 నుంచి ఇక్కడ మార్టిగేజ్ సలహా కూడా నియంత్రణ కిందికొచ్చింది. చిన్న బ్రోకర్లు ఒక పెద్ద సంస్థకు అపాయింటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే దాని పూచీ కింద పనిచేసే ప్రతినిధిగా ఉంటారు. అతను ఆ సంస్థ ఒప్పుకున్న పనిలో చేసిన తప్పుకు ఆ సంస్థే జవాబు చెప్పాలని ఇక్కడి 2000 నాటి ఆర్థిక సేవల చట్టంలో 39వ సెక్షన్ చెప్తుంది.

సంస్థకు 8 వారాలు టైమిస్తారు. దాని తుది జవాబు వచ్చిన 6 నెలల్లో ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలి. ఫీజు లేదు. అక్కడ కొలబద్ద చట్టం అక్షరం ఒక్కటే కాదు, ఆ కేసు పరిస్థితులన్నీ చూసి ఏది న్యాయం, ఏది సబబు అని అడుగుతారు. కస్టమర్ తీర్పు ఒప్పుకుంటే సంస్థ కట్టి తీరాలి.

ఒక్క విషయంలో బ్యాంకు తప్పించుకోలేదు. ఆదాయం సరిచూడటం. 2014 ఏప్రిల్ 26 నుంచి వచ్చిన నియమాల ప్రకారం కస్టమర్ తిరిగి కట్టగలడా లేదా అన్నది లోనిచ్చేవాళ్లే చూడాలి. బ్రోకర్ రాసిచ్చాడు, మేం నమ్మాం అంటే చెల్లదు.

పాతబస్తీ_కిరాణా | కర్నూలు | ఆగస్టు 19, రాత్రి 11:50

చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. నాది చిన్న కిరాణా కొట్టు. నా లోను కోసం ఏజెంట్ మూడేళ్ల ఐటీ రిటర్నులు ఒకేసారి వేయించినాడు. నా ఆదాయం కంటే రెండింతలు చూపించినాడు. నాకు తెలుసు, అయినా లోను రావాలని ఊరుకున్నా. ఇప్పుడు ఈఎంఐ 31 వేలు, కొట్టు మీద అంత రాదు. ఏజెంట్ మీద, బ్యాంకు మీద నేనూ ఫిర్యాదు చేయొచ్చా?

వకీలు_సి_క్యాంప్ | కర్నూలు | ఆగస్టు 20, ఉదయం 8:15

అన్నా, దాచకుండా చెప్తాను. లీడ్స్ సోదరుడు చెప్పిన నియమం అక్కడిది. మన దగ్గర కమిషన్ ముందు నువ్వు "తప్పుడు ఆదాయం చూపించారు" అన్న క్షణమే ఎదుటి వకీలు "సంతకం ఎవరిది" అంటాడు. రిటర్ను నీది, నీకు తెలిసి వేసింది. ఫిర్యాదు నీ మీదికే తిరిగి, మోసం చేశావని బ్యాంకే కేసు పెట్టే ప్రమాదం ఉంది. ఆ దారి వద్దు. అకౌంట్ ఎన్‌పీఏ కాకముందే, అంటే 90 రోజుల బాకీ దాటకముందే బ్యాంకుకు పోయి గడువు పెంచమని, ఈఎంఐ తగ్గించమని రాతలో అడుగు. నా దగ్గరికొస్తే ఆ అర్జీ నేను రాసిస్తాను, డబ్బేమీ వద్దు.

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ | కడప | ఆగస్టు 20, ఉదయం 9:00

కిరాణా గారూ, వెళ్లండి. మూడు నెలలు దాటాక వచ్చినవాళ్లకు నేనేమీ చేయలేకపోయేవాణ్ని. ముందే వచ్చిన వాళ్లకు ఎన్నోసార్లు చేశాను.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | ఆగస్టు 20, రాత్రి 10:10

సార్, బ్యాంకు గ్రీవెన్స్ సెల్‌కు ఇది రాసినా. చూడండి.

"అయ్యా, నా లోను ఫైలు మీ డీఎస్ఏ కోడ్ ద్వారా వచ్చింది, అప్లికేషన్ మొదటి పేజీ జతచేశాను. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఇన్సూరెన్స్ సున్నా. అయినా 1,14,500 లోనులో కలిపి కంపెనీకి పంపారు. దానికి నా సమ్మతి ఎక్కడుందో చూపండి. ప్రపోజల్‌లోని ఈమెయిల్ నాది కాదు. నాకు బీపీ ఉంది, లేదని రాశారు. ప్రీమియం, దాని మీద ఇంతవరకు పడిన వడ్డీ నా లోను ఖాతాకు తిరిగి జమ చేయండి. ఈ ఫైలుకు డీఎస్ఏకు కమీషన్ చెల్లించారో లేదో రాతలో చెప్పండి. మీ ఏజెంట్ నా దగ్గర 25 వేలు తీసుకున్నాడు, దానిపై విచారణ జరపండి."

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ | కడప | ఆగస్టు 20, రాత్రి 10:45

బాగుంది. మెకానిక్ చేయి కదా, ఏ బోల్టు ఎక్కడో తెలుసు. చివరి వాక్యంలో 10 వేలు ఏ తేదీన ఏ యూపీఐ ఖాతాకు పోయిందో చేర్చండి. పంపాక ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి, 30 రోజుల లెక్క ఆ తేదీ నుంచే.

అశోక్‌నగర్_టీచర్ | అనంతపురం | ఆగస్టు 22, సాయంత్రం 6:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇలాంటిదే, కానీ లోనిచ్చింది బ్యాంకు కాదు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. నేనూ అంబుడ్స్‌మన్‌కే పెట్టాలా?

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ | కడప | ఆగస్టు 22, రాత్రి 7:20

కాదమ్మా. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు రిజర్వ్ బ్యాంకు 2021 అంబుడ్స్‌మన్ పథకం కిందికి రావు. కంపెనీకి ముందు రాసి, జవాబు రాకపోతే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వారి ఫిర్యాదుల పోర్టల్ గ్రిడ్స్‌లో పెట్టండి. చాలామంది తప్పు తలుపు తట్టి నెలలు పోగొట్టుకుంటారు.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | సెప్టెంబరు 10, రాత్రి 9:15

బ్యాంకు జవాబు వచ్చింది. "కస్టమర్ ఓటీపీ ద్వారా సమ్మతి తెలిపారు. డీఎస్ఏ స్వతంత్ర సంస్థ. నగదు లావాదేవీతో బ్యాంకుకు సంబంధం లేదు. ఫిర్యాదు ముగించడమైనది." అంతే, నాలుగు వాక్యాలు. కమీషన్ ప్రశ్నకు జవాబే లేదు. మా ఆవిడ ఇక వదిలేద్దాం అంటోంది. మీరేమంటారు?

రిటైర్డ్_క్రెడిట్_ఆఫీసర్ | కడప | సెప్టెంబరు 10, రాత్రి 9:50

వదలొద్దు. బ్యాంకు ఒక ఫిర్యాదును తిరస్కరించే ముందు తన ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులోనే ఉండి ఫిర్యాదును మళ్లీ చూసే అధికారికి) పంపాలి. జవాబులో ఆ మాట లేదంటే అది కూడా అర్జీలో ఒక పాయింటే. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కు మీరే స్వయంగా పెట్టండి. వకీలు ద్వారా పెడితే తీసుకోరు. 2021 పథకం ప్రకారం బ్యాంకు జవాబు వచ్చిన ఏడాదిలోపు పెట్టాలి. ఆ పథకం కింద పరిహారం 20 లక్షల దాకా, మీ తిరుగుడుకు, మనస్తాపానికి వేరుగా లక్ష దాకా ఇప్పించే అధికారం వాళ్లకుంది. సందేహముంటే 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెప్తారు.

ఇంకొకటి. అంబుడ్స్‌మన్ సాక్షుల్ని పిలిచి క్రాస్ ఎగ్జామినేషన్ చేయించడు. లోతైన సాక్ష్యం కావాల్సిన గొడవైతే ఇది మా దగ్గర తేలదని పక్కన పెట్టేయగలడు. అందుకే అర్జీలో ఏజెంట్ ఏమన్నాడో రెండు పంక్తుల్లో ముగించి, సున్నా ఉన్న పేజీ, 1,14,500 ఎంట్రీ, మూడు ఓటీపీల స్క్రీన్‌షాట్లు, ఈ వరుసలో పెట్టండి. చదివేవాడికి రెండు నిమిషాల్లో విషయం అర్థమైపోవాలి.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | సెప్టెంబరు 20, రాత్రి 11:00

పెట్టేసినా. మా పాప టైపు చేసి పెట్టింది. ఓటీపీ మెసేజీలు మళ్లీ చూస్తే మొదటి రెండింటిలో "లోన్ అప్లికేషన్" అని ఉంది. మూడోదాంట్లో ఏ పనో రాయలేదు, అంకెలే ఉన్నాయి.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | నవంబరు 19, రాత్రి 8:30

సార్, అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి బ్యాంకుకు పోయింది. ఈ రోజు బ్యాంకు రీజినల్ ఆఫీసు నుంచి ఫోన్. ప్రీమియం పూర్తిగా తిరిగి వేస్తాం, వడ్డీ కింద 6,800 చిల్లర కూడా వేస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. వాట్సాప్‌లో పంపినారు. పెట్టొచ్చా?

వకీలు_సి_క్యాంప్ | కర్నూలు | నవంబరు 19, రాత్రి 8:45

ఆగన్నా! ఆ కాగితంలో "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉందా చూడు.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | నవంబరు 19, రాత్రి 8:52

ఉంది. "లోనుకు సంబంధించిన అన్ని క్లెయిములూ" అని ఉంది.

వకీలు_సి_క్యాంప్ | కర్నూలు | నవంబరు 19, రాత్రి 9:10

అలాగే సంతకం పెడితే 25 వేల దారి మూసుకుపోయినట్టే. "ఇన్సూరెన్స్ ప్రీమియం, దానిపై వడ్డీ వరకే ఈ పరిష్కారం, ఏజెంట్ వసూలు చేసిన మొత్తంపై నా హక్కులు అలాగే ఉంటాయి" అని మార్చమను. మార్చకపోతే అంబుడ్స్‌మన్‌కే ఆ సంగతి మెయిల్ పెట్టు. మారుస్తారు, వాళ్లకిప్పుడు ఫైలు మూయడమే కావాలి.

గడియారస్తంభం_మెకానిక్ | అనంతపురం | డిసెంబరు 6, సాయంత్రం 6:40

మార్చినారు. నవంబరు 28న లోన్ ఖాతాలో రెండు జమలు పడినాయి, ప్రీమియం, వడ్డీ. ఈ నెల ఈఎంఐ తగ్గి వచ్చింది. 8.95 విషయంలో మీరు ముందే చెప్పినట్టు ఏమీ జరగలేదు. దాన్ని మనసులోంచి తీసేసినా.

10 వేలు పోయింది డీఎస్ఏ సంస్థ ఖాతాకే అని యూపీఐ వివరాల్లో తేలింది, ఏజెంట్ సొంత ఖాతాకు కాదు. వకీలన్న రాసిచ్చిన ఫిర్యాదు ఏజెంట్, ఆ సంస్థ, బ్యాంకు, ముగ్గురి మీద ఇక్కడి జిల్లా కమిషన్‌లో వేసినాను. క్యాష్ ఇచ్చిన 15 వేలు కూడా రాసినాం కానీ దేవునికడప అక్క చెప్పింది గుర్తుంది, దాని మీద ఆశ పెట్టుకోలేదు. నోటీసులు పోయినాయి.

నిన్న బీపీ ఉందని రాసి, డాక్టర్ చీటీ జతచేసి ఒక టర్మ్ పాలసీ తీసుకున్నా. ప్రపోజల్ ఫారం పాప చదివి వినిపించింది, మా ఆవిడ పక్కనే కూర్చుంది. ప్రీమియం కొంచెం ఎక్కువే వేసినారు.

దేవునికడప_అక్క | కడప | డిసెంబరు 6, రాత్రి 7:15

తమ్ముడూ, కమిషన్‌లో మొదటి వాయిదాకు నువ్వే స్వయంగా పో. సున్నా ఉన్న పేజీ ఒరిజినల్ తీసుకుపో, జిరాక్సు కాదు.

పాతబస్తీ_కిరాణా | కర్నూలు | డిసెంబరు 6, రాత్రి 10:30

నాదీ చెప్తాను. గడువు ఐదేళ్లు పెంచినారు. ఈఎంఐ 31 వేల నుంచి 26 వేల చిల్లరకు వచ్చింది. ఈసారి కట్టగలను.